కుక్క వాటా తిరగమాతకు ముందే తీయాలి
ప్యాకెట్ మేత మాన్పించే పల్లె ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

తిరుపతి : కాపలా కుక్కకు కడుపు నింపడం ఒకనాడు మన పల్లెల్లో లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు. సంగటి కెలికిన దాకలో మిగిలిన అడుగు, దాని మీద చెంబెడు మజ్జిగ, పండుగనాడు నాలుగు ఎముకలు. అంతటితో సరి. చేనికాడ అడవిపందులను తరిమినా, దొడ్లో మేకలను కాచినా ఆ కుక్క అంతకు మించి అడిగింది లేదు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లా వేరుపడినప్పటికీ పొయ్యి మీది సంగటి మాత్రం రెండు జిల్లాలకూ ఒక్కటే.

కాగా ఈ పదిహేను ఇరవై ఏళ్లలో పరిస్థితి మారింది. బెంగళూరు, చెన్నై పట్టణాల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు లాబ్రడార్, అల్సేషియన్, పమేరియన్ వంటి జాతి కుక్కలను పెంచుకోవడం, సెలవులకు వచ్చి వాటిని తల్లిదండ్రుల వద్ద వదిలిపోవడం పెరిగింది. 2020లో కరోనా కాలాన ఉద్యోగులు ఇంటి దారి పట్టినప్పుడు వారితోపాటు కుక్కలూ, కుక్కలతోపాటు ప్యాకెట్ గింజలూ ఊళ్లకు చేరాయి. మండల కేంద్రంలోని మందుల అంగళ్లలోనూ ఇప్పుడా ప్యాకెట్లు వేలాడుతున్నాయి.

అయితే ఆ మోజు ఇప్పుడు కొంత తగ్గుముఖం పట్టింది. కిలో ప్యాకెట్‌కు పెట్టే డబ్బుతో రెండు డజన్లకు పైగా కోడిగుడ్లు వస్తాయని ఇల్లాళ్లు లెక్క వేస్తున్నారు. కొన్ని కుక్కలు గింజలను మూతితో నెట్టేసి వంటింటి గడప దగ్గర కాచుకుంటున్నాయి. దీంతో పలు ఇళ్లలో ప్యాకెట్ మాన్పించి మళ్లీ వంట తిండికి మళ్లించే ప్రయత్నం జరుగుతున్నది. ఉద్దేశం మంచిదే. కానీ మళ్లించే తీరు తెలియక పెక్కుచోట్ల కుక్క ప్రాణం మీదికి వస్తున్నది.

ఒక ఇంటి అనుభవం

చంద్రగిరి పరిసరాల్లోని ఒక వేరుశెనగ రైతు ఇంట జరిగినదే ఇందుకు నిదర్శనం. ఆ ఇంట నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది. రెండేళ్లుగా ప్యాకెట్ గింజలే తింటున్నది. "దుడ్డు పోసి ఆ గింజలు కొనేదేంది నాయనా, మనం తినేది దానికి పనికిరాదా?" అని ఇంటి పెద్దామె పట్టుబట్టగా, ఒక ఆదివారం ప్యాకెట్ కట్టేశారు. ఆ పూటే కోడి పులుసు కలిపిన అన్నం పెట్టారు. కుక్క గిన్నె నాకి మరీ తిన్నది. మరునాడూ అదే. మూడోనాడు వాంతులు, విరేచనాలు. కాళ్లు ముడుచుకుని మూలన పడుకున్నది.

"మన తిండి దానికి పడలేదు, జాతి కుక్క కదా" అని ఇంటివారు నిర్ధారణకు వచ్చి, చికిత్స అనంతరం తిరిగి ప్యాకెట్టే పట్టించారు. నిజానికి అక్కడ తప్పు అన్నానిది కాదు, కోడిదీ కాదు. తప్పులు రెండు. ఒకటి, రెండేళ్ల అలవాటును ఒక్క పూటలో మార్చడం. రెండోది, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, చింతపండు, నూనె, కారం పడిన పులుసును కుక్క గిన్నెలో పోయడం. ఈ రెండు తప్పులు లేకుంటే పల్లె వంటిల్లు కుక్కను చక్కగానే సాకగలదు.

గింజలు ఎక్కడి నుంచి వచ్చాయి?

కుక్కకు ప్రత్యేకంగా తిండి తయారుచేసి అమ్మడం 1860 ప్రాంతంలో లండన్‌లో మొదలైంది. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ వ్యాపారి గోధుమపిండి, కూరగాయలు, మాంసపు పొడి కలిపి బిస్కెట్లు చేసి అమ్మాడు. ఓడరేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్లను కుక్కలు తినడం చూసి అతనికి ఆ ఆలోచన పుట్టిందని చెబుతారు. పిండిని ఆవిరితో ఉడికించి, ఒత్తిడితో మరలోంచి తోసి, ఉబ్బిన గింజలుగా కోసే పద్ధతి 1957లో అమెరికాలో ప్యూరినా కంపెనీ ద్వారా బజారుకు వచ్చింది. నేడు మన ఊళ్లలో అమ్మే గింజలన్నీ దాదాపు ఆ పద్ధతిలోనివే.

ప్యాకెట్ మేత విషం కాదన్న సంగతి ముందుగా చెప్పుకోవాలి. మంచి కంపెనీ గింజల్లో మాంసకృత్తులు, కొవ్వు, సున్నం, విటమిన్లు లెక్క ప్రకారం కలిపి ఉంటాయి. నీరు సుమారు పదో వంతే ఉంటుంది గనుక త్వరగా చెడవు. పొద్దున గిన్నెలో పోసి చేనికి వెళ్లి సాయంత్రం వచ్చే కుటుంబానికి అది వాటమే. వంట తిండిలో ఈ సౌకర్యం లేదు. అక్కడ లెక్క మనమే చూసుకోవాలి. 2013లో అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్య నిపుణులు కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటకాలను పరిశీలించగా, వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకమైనా తక్కువగా ఉన్నట్లు తేలింది. పుస్తకాల్లో రాసిన వంటకాల గతే అది అయితే, మిగిలిన మెతుకులు విదిల్చే మన పద్ధతి ఎంతవరకు సరిపోతుందో ఊహించుకోవచ్చు.

సంగటి అరుగుతుందా?

కుక్క తోడేలు జాతిది గనుక మాంసం తప్ప మరేదీ అరగదని కొందరి వాదన. ఇది సరికాదు. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారం, పిండి పదార్థాలను అరిగించే రసాన్ని తయారుచేసే జన్యువు తోడేళ్లలో కంటే కుక్కల్లో ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉంది. వేల ఏళ్లుగా మనిషి పెట్టిన గంజి, ముద్ద తిని బతికిన జంతువు కడుపు అందుకు తగినట్లు మారింది. కావున మెత్తగా ఉడికిన అన్నం, సంగటి కుక్కకు అరుగుతాయి.

రాగుల్లో సున్నం కూడా మెండు. పాలిష్ బియ్యంతో పోలిస్తే ముప్పై రెట్లకు పైగా ఉంటుంది. కానీ అందులో కొంత భాగమే ఒంటికి పడుతుంది. అదీగాక నూరు గ్రాముల రాగి పిండిలో మాంసకృత్తులు ఏడు గ్రాములే. సంగటి ఒక్కటే పెడితే కడుపు నిండుతుంది గానీ కండ పట్టదు. వెనుకటి కుక్కలు సంగటితోనే బతికాయనడం నిజమే. అయితే అవి చేలల్లో ఎలుకలను, ఉడుములను, దొరికిన దాన్నెల్లా పట్టుకుని తినేవి. నేడు గొలుసుతో కట్టిన కుక్కకు ఆ అవకాశం లేదు. దాని లోటు మనమే పూడ్చాలి.

పది రోజుల లెక్క

ఒక తిండికి అలవాటుపడిన పేగులు, అందులోని సూక్ష్మజీవులు మరో తిండికి సర్దుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. అందువల్ల పశువైద్యులు ఈ క్రమం పాటించమంటున్నారు.

మొదటి మూడు రోజులు నాలుగు వంతుల్లో మూడు వంతులు పాత గింజలు, ఒక వంతు వంట తిండి. నాలుగు నుంచి ఆరో రోజు దాకా సగం సగం. ఏడు నుంచి తొమ్మిదో రోజు దాకా ఒక వంతు గింజలు, మూడు వంతులు వంట తిండి. పదో రోజు నుంచి పూర్తిగా వంట తిండే. మధ్యలో పేడ పలచబడితే ముందుకు పోకుండా, వెనుకటి మెట్టుకు వచ్చి రెండు రోజులు ఆగాలి. విరేచనాలు రెండో రోజూ తగ్గకపోయినా, రక్తం పడినా, పదేపదే వాంతులైనా, కుక్క ఒక రోజంతా మూతి పెట్టకపోయినా ఆలస్యం చేయక పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

తూకంలో ఒక తేడా గమనించాలి. గింజల్లో నీరు తక్కువ గనుక బలం చిక్కగా ఉంటుంది. నూరు గ్రాముల గింజలు తగ్గిస్తే వంట తిండి రెండున్నర నుంచి మూడు రెట్లు తూగాలి. ఆ తేడా తెలియక గింజల తూకానికే అన్నం పెట్టి, "మన తిండి తిని కుక్క చిక్కిపోయింది" అనడం వింటున్నాము. మరో మార్పు కూడా కనిపిస్తుంది. వంట తిండిలో నీరు ఎక్కువ గనుక కుక్క తొట్టి దగ్గర నీళ్లు తాగడం తగ్గుతుంది. దానికి భయపడనక్కరలేదు. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి.

రోజుకు ఎంత?

ఇరవై కిలోలు తూగే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు రోజుకు సుమారు 1,000 క్యాలరీల శక్తి కావాలి. వండిన అన్నం 400 గ్రాములు, ఎముక తీసి ఉడికించిన కోడి మాంసం 200 గ్రాములు, ఒక ఉడికిన గుడ్డు, గుమ్మడి లేదా క్యారెట్టు లేదా గెనుసుగడ్డ 100 గ్రాములు, ఒక చిన్న చెంచా నూనె. ఇవి కలిస్తే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. దీన్ని రెండు పూటలుగా పెట్టాలి. అన్నంలో సగం తగ్గించి ఆ మేరకు సంగటి కలపవచ్చు. మాంసం వండని ఇళ్లవారు గుడ్లు, పెరుగు, మెత్తగా ఉడికిన కందిపప్పు వాడవచ్చు గానీ పాళ్లు మాత్రం వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

ఇక్కడ ఎక్కువమంది మరిచేది సున్నం. మాంసంలో భాస్వరం ఎక్కువ, సున్నం బహు తక్కువ. నెలల తరబడి మాంసం, అన్నమే పెడితే ఒళ్లు తనకు కావలసిన సున్నాన్ని ఎముకల్లోంచి లాగుకుంటుంది. కూన అయితే కాళ్లు వంకర తిరుగుతాయి. దీనికి విరుగుడు మన పెంటదిబ్బలోనే పడి ఉంది. కోడిగుడ్డు పెంకులను ఉడకబెట్టి, ఎండబెట్టి, రోట్లో మెత్తగా నూరి, పై చెప్పిన కొలత తిండికి రోజుకు అర చిన్న చెంచా కలిపితే సున్నం లోటు దాదాపు తీరుతుంది. జింకు, అయొడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ వంటివి ఇంటి వంటలో చాలకపోవచ్చు. వాటికి పశువైద్యుడు రాసిచ్చే పొడి వాడుకోవాలి.

కుక్కలన్నీ ఒక్క తీరున ఉండవు. రెండు వారాలకొకసారి దాని పక్కటెముకల మీద చేయి వేసి చూడాలి. చేతికి తగులుతూ కంటికి కొట్టొచ్చినట్లు కనబడకుంటే తిండి సరిపోతున్నట్లు. చేతికి తగలకుంటే తగ్గించాలి. దూరం నుంచే ఎముకలు లెక్కపెట్టగలిగితే పెంచాలి.

తిరగమాతకు ముందే

పల్లె ఇంట కుక్కకు వేరుగా పొయ్యి వెలిగించడం అయ్యే పని కాదు. అవసరమూ లేదు. కూర ఉడికిన తరువాత, ఉప్పు కారం పడకముందు, పులుసు పోయకముందు, తిరగమాత వేయకముందు కుక్క వాటా తీసి పక్కన పెడితే చాలు. ఈ ఒక్క అలవాటుతో సగం ప్రమాదాలు తప్పుతాయి.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ కుక్క రక్తంలోని ఎర్ర కణాలను విరగ్గొడతాయి. పచ్చివైనా, వేయించినవైనా, పొడి అయినా ఒకటే. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల్లో మూత్రపిండాలను పాడుచేస్తాయి. తిరుమల లడ్డులో ఎండుద్రాక్ష ఉంటుంది గనుక పిల్లలు ముద్దుకొద్దీ కుక్క నోటికి అందించకుండా చూడాలి. చాక్లెట్టు కూడా కూడదు.

చింతపండు సంగతి మనవారు ప్రత్యేకంగా గుర్తించవలసినది. ద్రాక్షలో కుక్కకు హాని చేసేది టార్టారిక్ ఆమ్లం కావచ్చునని, అదే ఆమ్లం ఉన్న చింతపండు తిన్న కుక్కల్లోనూ మూత్రపిండాలు దెబ్బతిన్నాయని అమెరికా పశువైద్య నిపుణులు 2022లో ఒక పత్రికలో ప్రకటించారు. చారన్నం తిన్న ప్రతి కుక్కా జబ్బు పడుతుందని దీని అర్థం కాదు. తరాలుగా మన వాకిళ్లలో అవి చారు, పులుసు నాకుతూనే ఉన్నాయి. అయినా తెలిసిన తరువాత పెట్టడం దేనికి? పులుసు బదులు పులవని మజ్జిగ పోస్తే ముద్ద అంతే రుచిగా దిగుతుంది.

ఉడికిన ఎముకలు, ముఖ్యంగా కోడి ఎముకలు, సూదుల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. కోడి చర్మం, కొవ్వు ఎక్కువగా పెడితే క్లోమం వాచి కుక్క చనిపోయిన సందర్భాలు లేకపోలేదు. కోళ్ల అంగడిలో ఊరకే వస్తున్నవి కదా అని రోజూ తోలు ముక్కలు తెచ్చి వేసేవారు ఈ విషయం గమనించాలి.

వేసవి జాగ్రత్త మరొకటి. మన ఎండల్లో తడి తిండి గంట రెండు గంటల్లో పులుస్తుంది. గింజలు పోసినట్లు పొద్దున పోసి సాయంత్రం దాకా వదిలేయరాదు. అరగంటలో తిననిది తీసివేయాలి.

జాతర పొట్టేలు, కుక్క, మనిషి

తాజా తిండి అంటే పచ్చి మాంసమని కొందరు అర్థం చేసుకుంటున్నారు. గొర్రెలు, మేకలు విస్తారంగా ఉన్న ఈ ప్రాంతంలో ఇది కుక్కకే కాక మనిషికీ ముప్పు. మే నెలలో తిరుపతి గంగజాతర మొదలుకొని ఊరూరా జరిగే జాతరల్లో పొట్టేళ్లు తెగుతాయి. కార్జం, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కనబడితే "ఇది మనకు పనికిరాదు" అని కోసి కుక్కకు విసిరివేయడం ఆనవాయితీ.

ఆ నీటి బుడగల్లో ఉండేది ఒక రకం బద్దెపురుగు పిల్లలు. కుక్క వాటిని తింటే దాని పేగుల్లో అవి పెద్ద పురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క పేడతో బయటికి వచ్చి మట్టికి, గడ్డికి, ఆకుకూరలకు, కుక్క బొచ్చుకు అంటుకుంటాయి. కుక్కను నిమిరిన చేతితో అన్నం తిన్న పిల్లవానికి ఆ గుడ్లు కడుపులోకి పోతాయి. ఏళ్ల తరువాత కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి గడ్డ పెరిగి, ఆపరేషన్ దాకా వస్తుంది. హైడాటిడ్ వ్యాధి అని డాక్టర్లు చెప్పేది దీన్నే. గొర్రెలు, కుక్కలు, మనుషులు కలిసి మెలిగే చాలా చోట్ల ఇది ఉంది.

దీన్ని తుంచడం కష్టం కాదు. బుడగలున్న అవయవాలను కాల్చివేయాలి లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చాలి. మంచి కార్జమైనా సరే, బాగా ఉడికించి చల్లార్చిన తరువాతనే, అదీ కొంచెంగా పెట్టాలి. కుక్కకు వైద్యుడు చెప్పిన గడువుల్లో నట్టల మందు వేయించాలి. కుక్కను ముట్టిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం పిల్లలకు నేర్పాలి.

బూజు పట్టిన చెనక్కాయలు

వేరుశెనగ పండే సీమలో మరో జాగ్రత్త అవసరం. వానకు తడిసి బూజు పట్టిన చెనక్కాయలు, చెనగ చెక్క మనుషులు తినరు గనుక కుక్క గిన్నెలోకి పోవడం ఉంది. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కార్జాన్ని చంపుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోగా, వాటికి పెట్టిన బ్రెజిల్ దేశపు వేరుశెనగ పిండిలో ఈ విషం బయటపడింది. ప్యాకెట్ మేతకూ ఈ బెడద తప్పలేదు. 2020 డిసెంబరులో అమెరికాలో ఇదే విషం కారణంగా ఒక కంపెనీ కుక్క గింజలను వెనక్కి తీసుకుంది. అందువల్ల ఏ తిండి అయినా బూజు వాసన వస్తే కుక్కకూ పెట్టరాదు. ఉడకబెట్టినా ఆ విషం పోదు.

వీటికి తొందరపడి మార్చరాదు

పాలు మరిచి ఏడాది నిండని కూనలు, చూలుతో ఉన్నవి, పాలిచ్చేవి, మూత్రపిండాల జబ్బు లేదా చక్కెర జబ్బు ఉన్నవి. వీటికి వైద్యుని సలహా లేకుండా తిండి మార్చకూడదు. మరో ముఖ్య విషయం ఏమంటే, టీకా వేయించని కూన రక్త విరేచనాలు చేస్తుంటే "తిండి మార్చాము కదా" అని ఇంటి చిట్కాలతో కాలం గడపరాదు. అది పార్వో వ్యాధి కావచ్చు. ఒక్క రోజు ఆలస్యం కూన ప్రాణం తీస్తుంది. తిండి ఎంత మంచిదైనా పార్వో టీకాకు, రేబిస్ టీకాకు బదులు కాదు.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఇక్కడే ఏర్పడింది. ఇంత విద్య మన ముంగిట ఉన్నా, ఏ కుక్కకు ఎంత తిండి, ఏది కూడదు అన్న సంగతులు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో ప్యాకెట్ వెనుకే ఉండిపోతున్నాయి. మండల పశువైద్యశాల గోడ మీద పాడి ఆవుల పటం పక్కన, కుక్క తిండి గురించి పెద్ద అక్షరాల తెలుగులో ఒక పటం తగిలిస్తే పల్లె ప్రజలకు ఎంతో మేలు కలుగుతుంది.

చంద్రగిరి పరిసరాల్లోని ఆ రైతు ఇంట, ఆరు నెలల తరువాత రెండోసారి ప్రయత్నం జరిగింది. ఈ తడవ పది రోజులు పట్టారు. పెద్దామె కూర దించి, తిరగమాత గరిటె పొయ్యి మీద పెట్టే ముందు ఒక సత్తు గిన్నెలో కుక్క వాటా తీసి మూత పెడుతున్నది. "మొదటి ముద్ద దేవునికి, రెండోది దీనికి, ఆపైన మనకు" అంటున్నది. లాబ్రడార్ ఇప్పుడు వాంతి చేసుకోవడం లేదు. రాత్రిపూట చేనిగట్టు మీద దాని అరుపు ఊరి దాకా వినిపిస్తున్నది.